హిమాలయన్ రాబోయే మోడళ్లు: మన సీమ దారులకు తేలికైన బండి ఎప్పుడు వస్తుంది?

పత్తికొండ బాటసారి (కర్నూలు జిల్లా):

మిత్రులకు నమస్కారం. రాయల్ ఎన్‌ఫీల్డ్ తేబోయే బండ్ల గురించి వార్త చదివిన ప్రతిసారీ నాకు సంతోషమూ కలుగుతోంది, దాని వెంటే ఒక అసంతృప్తీ మిగులుతోంది. ఈ అసంతృప్తి నా ఒక్కడిదేనా, లేక కర్నూలు, అనంతపురం, కడప వైపు బండి నడిపే మీ అందరికీ ఉన్నదేనా అని తెలుసుకోవాలని అడుగుతున్నాను.

2016లో 411 సీసీ ఇంజనుతో ఆ సంస్థ మొదటి హిమాలయన్ (ఎగుడుదిగుడు దారులకని చేసిన మోటారుసైకిల్) వచ్చినప్పుడు, గుంతల దారిలో ఫుట్‌పెగ్గుల మీద నిలబడి నడపగలిగే బండి మొదటిసారిగా మధ్యతరగతి వాడికి అందే ధరలో దొరికింది. దాని శక్తి 24.5 హార్స్‌పవర్ మాత్రమే అయినా మనం దాన్ని గుండెలకు హత్తుకున్నాం. 2023 నవంబరులో 452 సీసీ ‘షెర్పా’ అనే ఇంజనుతో కొత్త హిమాలయన్ వచ్చింది. నీటితో చల్లబడే ఇంజను, 40 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) శక్తి, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు, అన్నీ మెచ్చుకోదగినవే. బరువు మాత్రం 196 కిలోల దగ్గరే ఆగిపోయింది. 2025 నవంబరులో ఇటలీలోని మిలాన్ మోటారుసైకిళ్ల ప్రదర్శనలో హిమాలయన్ 750 నమూనాను, బుల్లెట్ 650ని చూపించారు. సంస్థ చూపు ఎప్పుడూ పెద్ద ఇంజను వైపే సాగుతోంది తప్ప తేలికైన బండి వైపు తిరగడం లేదు.

దీనికి పన్ను కూడా తోడైంది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ మించని బండ్లకు జీఎస్‌టీ 28 శాతం నుండి 18కి తగ్గింది. అంతకు మించిన వాటికి సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40కి పెరిగింది. ప్రారంభంలో 2.69 లక్షలకు ఇచ్చిన హిమాలయన్ షోరూం ధర అందువల్లనే 3 లక్షలు దాటింది. జీవిత పన్ను, బీమా కలిపితే ఎంత అవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మా వైపు పరిస్థితి ఒకటి చెబుతాను. తుగ్గలి, పత్తికొండ ఎర్రనేలల్లో తొలకరి పడిన తరువాత కూడా బండి నడుస్తుంది గాని, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలోకి దిగితే ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి ముద్దలుగా పేరుకుని చక్రం తిరగడమే మానేస్తుంది. అప్పుడు దిగి, పుల్లతో మట్టి గీకి, బండిని చేను గట్టు దాకా నెట్టుకోవాలి. అటువంటి చోట 196 కిలోలకూ 160 కిలోలకూ ఉన్న తేడా ఎంతటిదో నెట్టిన చేతులకే తెలుస్తుంది. 350 సీసీ లోపు, 165 కిలోల లోపు ఒక చిన్న హిమాలయన్ కావాలని కోరడం అత్యాశ అవుతుందా?

గండికోట దారి (జమ్మలమడుగు):

బాటసారి అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. అయితే హిమాలయన్ 750ని అవసరం లేని బండిగా చూడడాన్ని నేను ఒప్పుకోలేను. నేను బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ సెలవులకు ఇంటికి వచ్చేవాడిని. అనంతపురం మీదుగా వచ్చినా, మదనపల్లె, రాయచోటి మీదుగా గువ్వలచెరువు ఘాటు దిగి కడప చేరినా, దారిలో ఎక్కువ భాగం జాతీయ రహదారే ఉంటుంది. అక్కడ భార్యను, సామానును ఎక్కించుకుని నిలకడగా 110 వేగంతో పోవాలంటే రెండు సిలిండర్ల ఇంజను ఇచ్చే నెమ్మది వేరు. 2018లో వచ్చిన 648 సీసీ ఇంజను ఆ సుఖం ఎలా ఉంటుందో మనకు చూపించింది. దానికి పొడవైన సస్పెన్షన్ జోడించమని అప్పటి నుండి అందరమూ అడుగుతూనే ఉన్నాం. ఇన్నాళ్లకు ఆ కోరిక తీరబోతుంటే నేను సంతోషించకుండా ఎలా ఉండగలను?

నా బాధ వేరు. మంచి వస్తువును ముందు చూపించి, మన చేతికి మాత్రం ఆలస్యంగా ఇస్తారు. ట్యూబులెస్ స్పోకు చక్రాలనే తీసుకోండి. 2023లో మిలాన్‌లో కొత్త హిమాలయన్‌తో పాటు చూపించిన ఆ చక్రాలు మన దేశపు కొనుగోలుదారులకు దొరికేసరికి దాదాపు ఏడాది పట్టింది, అదీ అదనపు ధరకు. గండికోట చుట్టుపక్కల పెన్నా ఒడ్డు బాటల్లో సర్కారు తుమ్మ ముళ్లు ఎలా ఉంటాయో ఈ వైపు వారికి చెప్పనక్కరలేదు. ఆ ముల్లు టైరులో దిగి కొన విరిగిందంటే పైకి ఏమీ కనబడదు. లోపల ట్యూబును కొద్దికొద్దిగా తొలుస్తూ పోయి, ఊరికి దూరంగా చేరిన తరువాత గాలి పోతుంది. ట్యూబులెస్ చక్రమైతే ముల్లు లాగి, ఆ రంధ్రంలో రబ్బరు తాడు దూర్చి, గాలి కొట్టుకుని ఇంటికి రావచ్చు. ఇటువంటి నేలమీద తిరిగే బండికి ఆ చక్రం మొదటి రోజు నుండే, ఏ రకం కొన్నా ఉండవలసిన వస్తువు. 750 విషయంలోనైనా అలా చేస్తారని ఆశిస్తున్నాను.

గుత్తి రోడ్డు మెకానిక్ (అనంతపురం):

ఇద్దరికీ నమస్కారం. బాటసారి గారు బరువును, పన్నును ఒకే మూటలో కట్టారు. పని చేసేవాడిగా చూస్తే అవి రెండు వేర్వేరు చిక్కులు.

పన్ను సంగతి ముందు చూద్దాం. షెర్పా ఇంజను బోరు (సిలిండరు వెడల్పు) 84 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 81.5. బోరు అలాగే ఉంచి స్ట్రోకును 63కు తగ్గిస్తే ఇంజను 349 సీసీకి వస్తుంది, పన్ను 18 శాతానికి దిగుతుంది. శక్తి ఆ నిష్పత్తిలోనే తగ్గిందనుకున్నా సుమారు 30 పీఎస్ మిగులుతుంది. మన దారులకు అది చాలు. అయితే క్రాంక్‌కేసు (ఇంజను కింది పెట్టె), హెడ్డు, రేడియేటరు, ఫ్రేము అన్నీ పాతవే కాబట్టి బరువు నాలుగైదు కిలోలకు మించి తగ్గదు. అంటే మీ జేబుకు ఊరట కలుగుతుంది గాని, కోవెలకుంట్ల రేగడిలో మీ చేతులకు ఊరట కలగదు.

ఇక రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 బండ్లలో ఇప్పుడున్న 349 సీసీ జె-సిరీస్ ఇంజనునే ఎందుకు పెట్టరని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఆ ఇంజను బోరు 72, స్ట్రోకు 85.8. పొడవైన స్ట్రోకు, బరువైన క్రాంకు (పిస్టను తిప్పే ఇరుసు) ఉండబట్టే అది తక్కువ ఆర్‌పీఎంలో కూడా లాగుతుంది, మనకు ఇష్టమైన ఆ చప్పుడూ అందులోంచే పుడుతుంది. ఆ ఇంజనుతో వచ్చిన బండ్లలో తేలికైన హంటర్ బండే 181 కిలోలు ఉంది. దానికి పొడవైన ఫోర్కులు, 21 అంగుళాల చక్రం, పెద్ద ట్యాంకు తగిలిస్తే మళ్లీ 190 దాటుతుంది, శక్తి మాత్రం 20 పీఎస్ దగ్గరే ఉంటుంది. అందుచేత నిజంగా తేలికైన హిమాలయన్ రావాలంటే చిన్న క్రాంక్‌కేసుతో కొత్త ఇంజనును, కొత్త ఫ్రేమును మొదటి నుండి గీయాలి. అది సాధ్యం కాదని నేను అనను. హీరో సంస్థ 210 సీసీ నీటి చల్లదనపు ఇంజనుతో ఎక్స్‌పల్స్‌ను సుమారు 170 కిలోల బరువులో తెచ్చింది కదా. 1955 నుండి మద్రాసులో బుల్లెట్ తయారవుతోంది. అంత అనుభవం ఉన్న సంస్థ తలచుకుంటే చేయలేని పని కాదది.

ఒక్క మాట వేడి గురించి. ఏప్రిల్, మే నెలల్లో మన మూడు పట్టణాల్లోనూ ఎండ 42, 43 డిగ్రీలకు చేరుతుంది. నీటితో చల్లబడే ఏ ఇంజనైనా ఊరి రద్దీలో ఆగినప్పుడు ఫ్యాను తిరిగి, ఆ వేడిగాలి నడిపేవాడి కాళ్లకు తగులుతుంది. రెండు సిలిండర్ల 750 ఇంజనులో పుట్టే వేడి ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. కాబట్టి గాలి బయటికి మళ్లే తీరును చెన్నై ఎండలోనే కాకుండా కడప ఎండలో కూడా పరీక్షించాలని నా కోరిక.

తుంగభద్ర యాత్రిక (కర్నూలు):

మెకానిక్ అన్న లెక్కలు చదివిన తరువాత నాకు చాలా సందేహాలు తీరాయి. బరువు గురించి మగవారు నెట్టేటప్పుడే మాట్లాడతారు; ఆడవాళ్లకు అది బండి స్టాండు తీసిన క్షణం నుండే మొదలవుతుంది. హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఆత్మకూరు నుండి శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలో, రాత్రి అడవి గేటు మూసేలోపు దోర్నాల చేరాలన్న తొందరలో ఉన్నప్పుడు కూడా, నడుస్తున్నంతసేపు నాకు ఏ ఇబ్బందీ ఉండదు. వాలుగా ఉన్న మలుపులో ఎదురుగా బస్సు వచ్చి ఆగవలసివస్తే మాత్రం, ఒక కాలి మునివేళ్ల మీద అంత బరువును నిలపాలి. ఆ ఒక్క క్షణం కోసమే నా స్నేహితురాళ్లు ఎందరో ఈ బండి మీద ప్రేమ ఉండి కూడా వేరే బండి కొన్నారు.

తక్కువ ఎత్తు సీటు 805 దాకా దింపుతుందని తెలుసు. కాని అది విడిగా కొనుక్కోవలసిన వస్తువుగా ఉండడం నాకు నచ్చలేదు. కొనేటప్పుడే ఎత్తు అడిగి తగిన సీటు బిగించి ఇవ్వవచ్చు కదా? 750 నమూనా బొమ్మలు చూసినప్పుడు ఎంత అందంగా ఉందో అనిపించింది. ఆ వెంటనే, దాని మీద కూర్చుంటే నా కాలు నేలకు అందుతుందా అన్న ప్రశ్నే మనసులోకి వచ్చింది. చిన్న హిమాలయన్ వస్తే మొదటి వరుసలో బుక్ చేసేవారిలో మాలాంటి వారు చాలామంది ఉంటారని సంస్థ గుర్తించాలి.

మెకానిక్ అన్నా, అంతవరకు ఉన్న బండినే కొంత దింపుకోవడానికి వెనుక సస్పెన్షన్ లింకు మార్చితే మంచిదా, సీటు కోయించితే మంచిదా?

పత్తికొండ బాటసారి:

మెకానిక్ గారూ, 349 సీసీ లెక్క చూసిన తరువాత నా కోరికను కొద్దిగా మార్చుకుంటున్నాను. ముందు స్ట్రోకు తగ్గించిన షెర్పా వచ్చినా చాలు. నాలాంటి వాడు కొనగలిగే ధరకు దిగుతుంది. తేలికైన కొత్త ఫ్రేము ఆ తరువాత రావచ్చు. గండికోట తమ్ముడూ, నీ 750 నీకు త్వరగా రావాలనే నేనూ కోరుకుంటున్నాను. అది వచ్చిందని చిన్న బండిని పక్కన పెట్టకూడదన్నదే నా పట్టుదల.

గుత్తి రోడ్డు మెకానిక్:

యాత్రిక అమ్మా, లింకు జోలికి పోవద్దు. లింకు మార్చితే వెనుక భాగం దిగుతుంది, ముందు ఫోర్కులను కూడా క్లాంపుల్లో పైకి జరపవలసివస్తుంది, నేలకూ బండి అడుగుకూ మధ్య ఉన్న 230 మిల్లీమీటర్ల ఎడం తగ్గి నల్లమల రాళ్లకు బెల్లీ ప్లేటు (ఇంజను కింది రక్షణ రేకు) తగులుతుంది. సైడ్ స్టాండు కూడా పొడవైపోయి బండి నిటారుగా నిలుచుంటుంది. గాలికి పడే ప్రమాదం ఉంది. ముందు తక్కువ సీటు బిగించి చూడండి. అదీ చాలకపోతే సీటు మధ్యలో కాకుండా, తొడలు తగిలే రెండు అంచుల దగ్గర ఫోము చెక్కించండి. ఎత్తు కొలతలో తేడా లేకపోయినా కాళ్లు నేరుగా కిందికి దిగుతాయి కాబట్టి పాదం ఇంకొంచెం ఆనుతుంది. చెక్కే ముందు పాత కవరు చింపకుండా ఊడదీయమని సీటు కుట్టేవాడికి చెప్పండి, అవసరమైతే మళ్లీ బిగించుకోవచ్చు.