చంద్రుడి మీద కాలనీలో మన్ను లేని సాగు: వేర్లకి పిచికారీయా, పారే నీళ్ళా?

రాయగడ మేష్టారు:
నా మొగ్గు పిచికారీకే. అక్కడికి మోసే ప్రతి కిలో బరువే. నీళ్ళ మీద తెప్ప తేల్చే పద్ధతిలో 20 సెంటీమీటర్ల లోతంటే చదరపు మీటరుకి 200 లీటర్లు. పిచికారీలో వేర్లు గాలిలో వేలాడతాయి, సన్నటి తుంపర చాలు. అంటార్కిటికాలో జర్మనీ వాళ్ళ ఈడెన్ ఐఎస్ఎస్ అనే ప్రయోగ గ్రీన్‌హౌసు 2018లో 12.5 చదరపు మీటర్లలో ఇదే పద్ధతిలో 268 కిలోల కూరగాయలు తీసింది.

గుణుపురం వంశధార:
తెప్పతో ఎందుకు పోలుస్తారు మేష్టారూ, కాలువలో పారే పల్చటి నీటి పొరతో పోల్చండి. మీటరుకి రెండున్నర సెంటీమీటర్ల వాలు, నిమిషానికి లీటరు నీళ్ళు, అంతే. పిచికారీకి జబ్బంతా నాజిల్ దగ్గర, అంటే తుంపర చిమ్మే మూతి దగ్గర. తుంపర ఆరిన చోట నీళ్ళలోని ఎరువు తెల్లగా ఉప్పు కడుతుంది. రంధ్రం సగం పూడి, తుంపర కాస్తా ఒక పక్కకి ధార కడుతుంది. ఆ పక్క వేర్లు నానిపోతాయి, ఈ పక్క వేరు కొసలు గోధుమ రంగుకి తిరిగి దారాల్లా ముడుచుకుంటాయి. పంపు ఆగితే గంటల్లో మడి మొత్తం వాడిపోతుంది.

రాయగడ మేష్టారు:
ఉప్పు కట్టడం చాలావరకు కలపడంలో తప్పు. కాల్షియం నైట్రేటు, మెగ్నీషియం సల్ఫేటు ఎరువుల చిక్కటి ద్రావణాలు ఒకే డబ్బాలో పోస్తే జిప్సం అనే సరిగా కరగని తెల్ల పొడి అడుక్కి దిగుతుంది. రెండు డబ్బాలు వేరుగా పెట్టి, నాజిల్ ముందు వడపోత వెయ్యాలి. ఇక మీ కాలువ సంగతి. చంద్రుడి గురుత్వం మనదానిలో ఆరో వంతు. అదే వాలు, అదే ప్రవాహం పెడితే నునుపు కాలువలో పొర దాదాపు 1.8 రెట్లు మందమవుతుంది, వేర్లకి గాలి తగ్గుతుంది. పాత మందం కావాలంటే మీటరుకి 15 సెంటీమీటర్ల వాలు. రెండు మీటర్ల కాలువ ఒక కొస 30 సెంటీమీటర్లు లేస్తుంది. అరల మీద అరలు ఎలా పేరుస్తారు?

గుణుపురం వంశధార:
మీటరు పొడవు కాలువలు పెడతాం. కొస 15 సెంటీమీటర్లే లేస్తుంది. పంపు ఆగినా వేర్ల చాప కొంతసేపు తడిగా ఉంటుంది, బాగుచేసుకునే వ్యవధి దొరుకుతుంది. నాకు అదే ముఖ్యం.

బరంపురం అక్కయ్య:
ఇద్దరూ నీళ్ళు ఎలా అందించాలో చూస్తున్నారు, నీళ్ళలో ఏముందో చూడటం లేదు. కాలనీలో నత్రజని మూత్రం నుంచే తిరిగి రాబట్టాలి, దాంతోపాటు సోడియం వస్తుంది. మొక్కలు దాన్ని పెద్దగా తీసుకోవు, ట్యాంకులో పేరుకుంటుంది. ఈసీ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో విద్యుత్ ప్రసారాన్ని బట్టి చెప్పేది, 1.8 దగ్గర నిలకడగా ఉంటుంది, చూసేవాళ్ళు ఎరువు సరిపోయిందనుకుంటారు. అందులో నైట్రేటు తగ్గి ఉప్పు పెరిగిందని మీటరు చెప్పదు. ఆకుల అంచులు మాడేదాకా తెలీదు. బీట్‌రూటు సోడియం లాగుతుంది గాని, తిన్న మనిషి మళ్ళీ అదే వదులుతాడు. ఉప్పు విడదీసే యంత్రం ట్యాంకుకి ముందే ఉండాలి. వచ్చిన ఉప్పు వంటింటికి పంపండి.

గుణుపురం వంశధార:
నిజమే అక్కయ్యా. అయితే సోడియం, నైట్రేటు, పొటాషియం మూడింటికీ వేరువేరు ప్రోబులు, అంటే నీళ్ళలో ముంచి కొలిచే కడ్డీలు, కావాలి. అవి తరచూ కాలిబ్రేట్ చెయ్యాలి, అంటే తెలిసిన ద్రావణంతో సరిచూసుకోవాలి, లేకపోతే రీడింగు మెల్లగా తప్పుతుంది. ఆ పనికి రోజూ ఒక మనిషి సమయం పక్కన పెట్టాకే కాలువలా, పిచికారీయా అన్నది లెక్క కడదాం.