మైనస్ 30 డిగ్రీల్లో ప్యాసింజర్ రైలు: ముందు మొరాయించేది ఏది?

బ్రేక్‌పైపు:
అందరి చూపూ ఇంజిను మీదే ఉంటుంది గానీ, ముందు ఇబ్బంది పెట్టేది బ్రేకులను నడిపే గాలి. కంప్రెసర్‌లో వేడెక్కిన గాలి పైపుల్లో చల్లబడగానే అందులోని తేమ నీరవుతుంది. అది వాల్వులో గడ్డకడితే బ్రేకు పట్టదు, లేదా పట్టినది వదలదు. అందుకే రెండు టవర్ల ఎయిర్ డ్రయర్ పెడతారు. ఒకటి తేమ పీలుస్తుంటే రెండోది ఆరుతుంది. గాలి నిల్వ ఉండే ట్యాంకులో (రిజర్వాయర్) చేరిన నీళ్లు మాత్రం బండి వెచ్చని షెడ్డులో ఉండగానే వదిలేయాలి. చలిలో నిలబెట్టాక డ్రెయిన్ కాక్ తిప్పితే చుక్క కూడా రాదు. ట్యాంకు పొడిగా ఉందనుకుంటాం, నిజానికి లోపల ఐసు గడ్డ ఉంటుంది.

కోచ్‌డిపో:
కోచ్‌కీ కోచ్‌కీ మధ్య బ్రేకు గాలిని కలిపే హోస్‌ల వాషర్లు కూడా చూడండి. చలికి రబ్బరు బిగుసుకుపోయి ప్రతి జాయింటు దగ్గరా కొంచెం కొంచెం లీకవుతుంది. బండి పొడవయ్యేకొద్దీ చివరి కోచ్‌లో ప్రెజర్ నిలబడదు.

టాయిలెట్ల విషయంలో ట్యాంకుకి హీటర్ పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ముందు గడ్డకట్టేది సన్న పైపులూ, వంపులూ, వాల్వులూ. నీరు ఐసైతే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పైపు పగులుతుంది. కత్రా–శ్రీనగర్ వందే భారత్‌లో నీటి ట్యాంకులకూ బయోటాయిలెట్ ట్యాంకులకూ హీటర్లతో పాటు పైపులకు హీటింగ్ కేబుళ్లు కూడా అందుకే పెట్టారు. కరెంటు పోయినప్పుడు నీళ్లు వాటంతటవే ఖాళీ అయ్యే ఏర్పాటు లేకపోతే ఏ హీటరూ కాపాడలేదు.

పొడిమంచు:
నా లెక్కలో అసలు శత్రువు చలి కాదండీ, కరిగి మళ్లీ గడ్డకట్టే మంచు. పిండిలాంటి మంచు ఫిల్టర్లు దాటి లోపలికి వెళ్లి, వెచ్చని చోట నీరై ఎలక్ట్రానిక్స్‌ను దెబ్బతీస్తుంది. 2009 డిసెంబరులో చానల్ టన్నెల్‌లో ఐదు యూరోస్టార్ రైళ్లు ఆగిపోయింది ఇలాగే: బయటి చలిలోంచి వెచ్చని, తేమ నిండిన సొరంగంలోకి వచ్చాయి. రష్యా హైస్పీడ్ రైలు సప్సాన్‌లో గాలి తీసుకునే ద్వారాలు పైకప్పు మీద పెట్టారు. జపాన్ 200 సిరీస్ షింకన్‌సెన్‌లో బండి కింది భాగాన్నే (అండర్‌ఫ్రేమ్) మొత్తం మూసేశారు.

కొత్తసభ్యుడు:
పాయింట్లకు, అంటే బండి ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మారే చోట్లకు, హీటర్లు ఉంటాయి కదా, అయినా ఎందుకు ఇరుక్కుపోతాయి?

పొడిమంచు:
హీటర్ సామర్థ్యం ఆకాశం నుంచి పడే మంచుకి సరిపోతుంది. రైలు కింద నుంచి ఊడిపడే గడ్డ కదలని పట్టాకీ (స్టాక్ రైలు) పక్కకి జరిగే పట్టాకీ (టంగ్ రైలు) మధ్య ఇరుక్కుంటే, అంత త్వరగా కరగదు. కొన్ని మిల్లీమీటర్ల సందు మిగిలినా పాయింటు లాక్ కాదు, సిగ్నల్ రాదు. అలాంటప్పుడు మనిషి వెళ్లి తీయాల్సిందే. కరిగిన నీరు పోయే దారి లేకపోతే కింద రాడ్ల దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. హీటర్ వాటేజీ పెంచే ముందు డ్రైనేజీ చూడండి. వేగంగా వెళ్లేటప్పుడు అవే గడ్డలు ఊడిపడితే కంకర ఎగిరి బండికే తగులుతుంది. అందుకే జపాన్‌లోని టొకైడో షింకన్‌సెన్ లైన్‌లో సెకిగహర దగ్గర పట్టాల మీద నీళ్లు చల్లుతారు. తడిసిన మంచు పైకి లేవదు.

కొత్తసభ్యుడు:
మరి డీజిల్ ఇంజిన్?

బ్రేక్‌పైపు:
చలికాలపు డీజిల్ తప్పనిసరి. మామూలుదైతే మైనం తేలి ఫిల్టర్ మూసుకుపోతుంది. చాలా లోకోల్లో కూలెంట్ యాంటీఫ్రీజ్ లేని నీరే కాబట్టి, ఇంజిన్ ఆపాలంటే హీటర్ తగిలించాలి, లేదా నీళ్లు పూర్తిగా వదిలేయాలి.