పాండిచ్చేరి సొరచేపను కచ్చితంగా గుర్తించడం ఎలా?

సుమారు మీటరు పొడవు మాత్రమే పెరిగే పాండిచ్చేరి సొరను 1839లోనే శాస్త్రజ్ఞులు వర్ణించినా, ప్రపంచంలోని మ్యూజియాలన్నిటా కలిపి దాని నమూనాలు 20 కూడా లేవు. కాకినాడ రేవులో వేలానికి వచ్చిన చిన్న సొరల గుట్టలో ఒకదానికి ఛాతీ రెక్కల కొసలు, రెండవ వీపు రెక్క కొస, తోక కింది పాయ కొస నల్లగా ఉండటం చూసి ఫోటో తీశాను. అయితే మన సముద్రంలో దొరికే మరో సొర, కార్కరైనస్ సోరాకు కూడా ఇవే నల్లకొసలు ఉంటాయి కనుక, రంగు ఒక్కదానినే నమ్మడం నాకు సబబుగా తోచడం లేదు. అందుకే పళ్లను కూడా చూడాలనుకుంటున్నాను: పాండిచ్చేరి సొరకు పై దవడ పళ్ల మొదళ్లలో ఉండే ముతక రంపపు నొక్కులు స్పష్టంగా కనబడాలంటే నోటిని ఏ కోణంలో ఫోటో తీయాలి? వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జాతి వలలో పడి చనిపోయి ఒడ్డుకు చేరినప్పుడు, కావాలని పట్టని మత్స్యకారులకు ఇబ్బంది కలగకుండా సమాచారం ఎవరికి అందించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.