మావాడికి మత యూనివర్సిటీల నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ పిలుపులు: నోటర్ డామ్, బీవైయూ, లిబర్టీ తెలిసినవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_నాన్న
అందరికీ నమస్తే. మావాడు హైస్కూల్లో జూనియర్ (పదకొండో తరగతి), జట్టులో బంతిని తన్నే కిక్కర్. సెప్టెంబర్ 1 దాటిన దగ్గర్నుంచి కోచ్‌ల మెసేజ్‌లు మొదలయ్యాయి. విచిత్రం ఏంటంటే ఎక్కువగా మత యూనివర్సిటీలే. క్యాథలిక్కుల నోటర్ డామ్ క్యాంప్‌కి రమ్మంది, మోర్మన్ల బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) రమ్మంది, ఇవాంజెలికల్ క్రైస్తవుల లిబర్టీ కూడా. పంపే గ్రాఫిక్స్ చూస్తే హీరో ఫస్ట్‌లుక్ పోస్టర్లలా ఉన్నాయి, వాడు రోజూ ఫ్రెండ్స్‌కి చూపించుకుని మురిసిపోతున్నాడు. నా డౌట్లు ఇవీ: విజిట్‌కి వెళ్తే మతం గురించి ఎంత చెప్తారు, ఎంత దాస్తారు? హిందూ పిల్లాడు ఇమడగలడా? ప్రిఫర్డ్ వాకాన్ (స్కాలర్‌షిప్ హామీ లేకుండా జట్టులో చోటు) అంటే ఫీజు మనమే కట్టుకోవాలా? మావాడు గుడ్డు కూడా ముట్టడు, తిండి సంగతేంటి?

సౌత్‌బెండ్_శీను
నోటర్ డామ్‌లోనే ఎమ్మెస్ చేశాను. అక్కడ మతాన్ని దాచరు, అలాగని మీద రుద్దరు. దాచాలన్నా కుదరదు లెండి. స్టేడియం ఉత్తరం వైపు లైబ్రరీ గోడ మీద 134 అడుగుల చిత్రం, అందులో ఏసు చేతులెత్తి నిలబడి ఉంటాడు. రెఫరీ టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల స్కోరు) ఇచ్చినట్టే ఉంటుంది కాబట్టి అందరూ ‘టచ్‌డౌన్ జీసస్’ అంటారు. 1997లో స్టేడియం ఎత్తు పెంచాక మైదానం నుంచి పూర్తిగా కనపడడు గానీ టీవీవాళ్ళు మాత్రం వదలరు.

పిల్లలకి చెప్పే మాట ఒకటే: ఇది నాలుగేళ్ళ నిర్ణయం కాదు, నలభై ఏళ్ళ నిర్ణయం. డిగ్రీ, పాత విద్యార్థుల బలగం, బంగారు రంగు హెల్మెట్. లాకర్ రూమ్ నుంచి కిందికి దిగే మెట్ల దగ్గర ‘ప్లే లైక్ ఎ ఛాంపియన్ టుడే’ అని పసుపు బోర్డు ఉంటుంది, 1986లో అప్పటి కోచ్ లూ హోల్ట్జ్ పెట్టించాడు. ఆటగాళ్ళు దాన్ని తట్టి దిగుతారు, విజిట్‌కి వచ్చిన ప్రతి కుర్రాడూ తట్టి వీడియో తీసుకుంటాడు. కోచ్ మార్కస్ ఫ్రీమన్ 2022లో క్యాథలిక్ అయ్యాడు, ఆట రోజు జట్టంతా మాస్‌కి (చర్చి ప్రార్థనకి) వెళ్ళే పద్ధతిని మళ్ళీ తెచ్చాడు. థియాలజీ (మతశాస్త్రం) కోర్సులు రెండు మాత్రం అందరూ చదవాల్సిందే.

ప్రోవో_పద్మ
మేం ఉండేది బీవైయూ పక్కనే. వీళ్ళు నోటర్ డామ్ వాళ్ళలా బోర్డులు, బంగారం చూపించరు, రూల్స్ ముందే చేతిలో పెడతారు. మందు, సిగరెట్, కాఫీ, టీ, పెళ్ళికి ముందు శృంగారం ఏదీ కుదరదు. గడ్డం కూడా పెంచకూడదు. ఆదివారం ఆట ఉండదు. వీళ్ళ కోసం ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) బాస్కెట్‌బాల్ టోర్నీ షెడ్యూల్ కూడా సర్దుతారంటే చూడండి. స్టేడియంలో బీరు అమ్మరు, ‘కూగర్ టెయిల్’ అని 16 అంగుళాల డోనట్ అమ్ముతారు. చంటిపిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. తాగి మీద పడేవాళ్ళు లేరు, మా అత్తగారిని కూడా తీసుకెళ్ళాను.

ఫిల్టర్_కాఫీ_భక్తుడు
టీ కూడానా? ఇంక ఆ పిల్లాడు బతికేది ఎలా?

ప్రోవో_పద్మ
కోక్ తాగొచ్చండీ. 2017 నుంచి క్యాంపస్‌లో కెఫీన్ ఉన్న కూల్‌డ్రింకులు అమ్ముతున్నారు.

కూకట్‌పల్లి_కార్తీక్
గడ్డం వద్దంటే అయ్యప్ప మాల ఎట్లా వేసుకుంటడు అక్కా? మా తమ్ముడు ఏటా వేసుకుంటడు. 41 రోజులు కత్తి తాకొద్దు. ఇదొక్కటి చాలు నేను మా పిల్లల్ని పంపకుండా ఉండడానికి.

ప్రోవో_పద్మ
మత కారణానికి మినహాయింపు ఉంది కార్తీక్ గారూ, 2015 నుంచి. అడిగి తీసుకోవాలి అంతే.

కూకట్‌పల్లి_కార్తీక్
దేవుడి మాలకి పక్క మతం వాళ్ళ పర్మిషన్ ఏందక్కా?

లాజిక్_లక్ష్మణ్
వాళ్ళ కాలేజీ, వాళ్ళ రూలు. తిరుమల వెళ్తే పంచె కట్టుకోమంటే కట్టుకోవట్లేదా? పైగా మాల వేసుకునేది నవంబర్, డిసెంబర్. అది సీజన్ నడిమధ్య. నేల మీద పడక, చన్నీళ్ళ స్నానం, కాళ్ళకి చెప్పుల్లేకుండా తిరగాలి. అదంతా చేసి కిక్ ఎలా కొడతాడు?

డెన్వర్_డేవిడ్
చెప్పుల్లేకుండా కొట్టొచ్చు బాబాయ్. 1980లలో మా డెన్వర్ కిక్కర్ రిచ్ కార్లిస్ ఉత్త పాదంతోనే కొట్టేవాడు. మంచులో కూడా.

కూకట్‌పల్లి_కార్తీక్
దీక్ష మీద జోకులా? ఒక మతం వాళ్ళు రూల్ పెడితే క్రమశిక్షణ, మనం నియమం పాటిస్తే కామెడీనా?

డెన్వర్_డేవిడ్
జోక్ ఎక్కడ వేశాను? నిజంగా కొట్టేవాడు. మీరే వెతుక్కోండి.

మోడరేటర్
మాల చర్చ ఇక్కడితో ఆపండి. కార్తీక్ గారూ, మీరు పెట్టిన ఇంకో కామెంట్ తీసేశాం.

కోచ్_కోటేశ్వర్రావు
పదేళ్ళుగా హైస్కూల్ జట్ల దగ్గర వాలంటీర్ కోచ్‌గా ఉన్నాను, ఈ రిక్రూటింగ్ సంగతి ఇక్కడ నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఫ్రిస్కో గారూ, ముందు ఒక మాట. క్యాంప్ పిలుపు అంటే ఆఫర్ కాదు. క్యాంప్‌కి డబ్బులు మీరు కడతారు, వాళ్ళు వందలమందికి పంపుతారు. గ్రాఫిక్ చేసేది డిజైన్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు, హెడ్ కోచ్‌కి మీవాడి పేరు కూడా తెలిసి ఉండదు. అఫీషియల్ విజిట్‌కి పిలిచారా? అందులో ఖర్చు వాళ్ళది, ఒకటి రెండు రాత్రులు ఉంచుకుంటారు. అన్అఫీషియల్ అయితే టికెట్ మనది, హోటల్ మనది, జెర్సీ వేసుకుని ఫొటో దిగి రావడమే.

నెవార్క్_నిర్మల
విజిట్ సంగతి నన్నడగండి. పేరు చెప్పను, దక్షిణాదిలో ఒక మత యూనివర్సిటీ. వెబ్‌సైట్‌లో ‘అన్ని విశ్వాసాలకూ స్వాగతం’. వెళ్ళాక వెయిట్ రూమ్ చూపించారు, ఐస్ టబ్బులు చూపించారు, భోజనానికి కూర్చోగానే ఒక స్టాఫ్ మనిషి మావాణ్ణి వదిలేసి నన్ను పట్టుకుంది. ఏ చర్చికి వెళ్తారు, ఇంట్లో బైబిల్ ఉందా, పిల్లాడికి ఎప్పుడైనా ‘పిలుపు’ అందిందా. చపాతీ ముక్క గొంతులో పడలేదు. (వెజ్ ర్యాప్‌ని చపాతీ అనే అంటాను నేను.) బయటికొచ్చాక మావాడు ‘అమ్మా, వాళ్ళకి కావాల్సింది నేనా నువ్వా’ అన్నాడు. ఏ మతం అయినా సరే, ముందే చెప్తే గౌరవిస్తాను. ఆ విషయంలో పద్మ గారు చెప్పిన బీవైయూ పద్ధతే నయం.

వేకో_వెంకట్
ముందే చెప్పడం ఒక్కటే సరిపోదు మేడమ్. మా ఊళ్ళో బేలర్ బాప్టిస్ట్ యూనివర్సిటీ. విలువలు, కుటుంబం, నమ్మకం అంటూనే ఉండేవాళ్ళు. లైంగిక దాడుల ఫిర్యాదుల్ని సరిగ్గా పట్టించుకోలేదని విచారణలో తేలాక 2016లో కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌ని తీసేశారు, ప్రెసిడెంట్ కెన్ స్టార్ పదవి కూడా పోయింది. పోస్టర్ మీద శిలువ ఉందా లేదా అని కాదు, ఫిర్యాదు వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని విజిట్‌లో అడగండి.

సౌత్‌బెండ్_శీను
బేలర్‌ని, నోటర్ డామ్‌ని ఒక గాటన కట్టకండి. 1924లో సౌత్ బెండ్‌లో క్యాథలిక్కులంటే పడని కు క్లక్స్ క్లాన్ వాళ్ళు ఊరేగింపుకి దిగితే విద్యార్థులు ఎదురు తిరిగి తరిమారు. క్యాథలిక్ వలసకూలీలకి ఈ జట్టు అంటే ఆత్మగౌరవం. న్యూయార్క్‌లో కాలేజీ మెట్లు ఎక్కనివాళ్ళు కూడా సబ్‌వే ఎక్కి మ్యాచ్‌కి వచ్చేవాళ్ళు, అందుకే ‘సబ్‌వే అలమ్నై’ (సబ్‌వే పాత విద్యార్థులు) అన్నారు. తిట్టుగా వాడిన ‘ఫైటింగ్ ఐరిష్’ని 1927లో అధికారికంగా జట్టు పేరు చేసుకున్నారు. అంతెందుకు, మా పాత కోచ్ నూట్ రాక్నీ నార్వే నుంచి వచ్చిన లూథరన్ (ప్రొటెస్టెంట్), కోచ్ అయిన చాలా ఏళ్ళకి 1925లో గానీ క్యాథలిక్ అవ్వలేదు.

కొలంబస్_చైతన్య
చరిత్ర బాగుంది అన్నా. 1988 తర్వాత టైటిల్ ఏదీ? 2025 జనవరిలో అట్లాంటాలో మా ఒహాయో స్టేట్ 34–23తో ఇంటికి పంపింది, మర్చిపోయారా?

సౌత్‌బెండ్_శీను
ఫైనల్ దాకా వెళ్ళాం కదా తమ్ముడూ.

కొలంబస్_చైతన్య
ఆ సీజన్లోనే సొంత గ్రౌండ్లో నార్తర్న్ ఇల్లినాయి చేతిలో 16–14తో ఓడారు. తర్వాతి ఏడాది 10–2తో (పది గెలుపులు, రెండు ఓటములు) ప్లేఆఫ్ రాలేదని అలిగి సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచే వద్దన్నారు. అదే అన్యాయం జరిగిన బీవైయూ నోరు మూసుకుని వెళ్ళి ఆడింది. నలభై ఏళ్ళ నిర్ణయం అంటే ఇదేనా?

ప్రోవో_పద్మ
మా వాళ్ళకి పంతాలు తక్కువండీ 😊

లాజిక్_లక్ష్మణ్
మీవాళ్ళు 24 ఏళ్ళొచ్చిన పెళ్ళయినవాళ్ళని 18 ఏళ్ళ పిల్లల మీదకి దింపుతారు, పంతం ఎందుకు ఉంటుంది?

ప్రోవో_పద్మ
రెండేళ్ళు మిషన్‌కి, అంటే మత ప్రచారానికి, వెళ్ళి వస్తారు. అక్కడ ఎవరూ స్క్వాట్స్ చేయరు, ఇంటింటికీ తిరిగి తలుపులు కొడతారు. తిరిగొచ్చాక ఒళ్ళు మళ్ళీ తెచ్చుకోవడానికే టైమ్ పడుతుంది. మాట్లాడే ముందు తెలుసుకోండి.

లించ్‌బర్గ్_లత
లిబర్టీ గురించి ఎవరూ మాట్లాడరేం? క్యాథలిక్కులకి నోటర్ డామ్ ఎలాగో ఇవాంజెలికల్స్‌కి తన కాలేజీ అలాగ కావాలన్నదే లిబర్టీ పెట్టిన పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ కల. 2023లో 13–0 కొట్టారు.

కొలంబస్_చైతన్య
ఆ తర్వాత ఫియెస్టా బౌల్‌లో ఒరెగాన్ 45–6తో ఉతికింది, అది కూడా చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న
అందరికీ థాంక్స్, కానీ వాకాన్ ఫీజు సంగతి ఎవరూ చెప్పలేదు.

కోచ్_కోటేశ్వర్రావు
స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే మీరే కట్టాలి. బీవైయూలో వాళ్ళ చర్చి సభ్యులు కాని వాళ్ళకి ఫీజు రెట్టింపు, అయినా వేరే ప్రైవేట్ కాలేజీలతో చూస్తే తక్కువే. 2021లో ఒక ప్రోటీన్ బార్ కంపెనీ బీవైయూ వాకాన్లందరి ఫీజూ కట్టడానికి ముందుకొచ్చింది, అప్పుడు దేశమంతా వార్త. ఇప్పుడు లెక్క మారింది. ఆటగాళ్ళు వేసిన కేసులో 2025 సెటిల్‌మెంట్ తర్వాత ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్ళకి మొదటి ఏడాది 20.5 మిలియన్ డాలర్ల దాకా నేరుగా ఇవ్వొచ్చు, కానీ ఫుట్‌బాల్ జట్టులో 105 మందే ఉండాలి. పాతకాలంలో వాకాన్లకి ఉన్నంత చోటు ఇప్పుడు లేదు. కిక్కర్లయితే ఒకరిద్దరే. ఎన్ని శిలువలు, ఎన్ని బంగారు హెల్మెట్లు చూపించినా ‘మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది కిక్కర్లున్నారు, వాళ్ళు ఏ ఏడాది’ అని అడగండి, జవాబు తడబడితే లేచి వచ్చేయండి. ఇంతకీ మీవాడి లాంగెస్ట్ కిక్ ఎంత?

ఫ్రిస్కో_నాన్న
మ్యాచ్‌లో 47 గజాలు. గాలి వెనక నుంచి ఉంది లెండి.

కోచ్_కోటేశ్వర్రావు
గాలి మాట వీడియో కింద రాయకండి. లింక్ నాకు పంపించండి.