4 కోట్ల అంకెల ప్రధాన సంఖ్య దొరికితే మనకేం ఒరిగింది?

కడప బీటెక్: 2 ఘాతం 13,62,79,841 లోంచి 1 తీసేస్తే వచ్చేదే ఇప్పటిదాకా తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్య అంటూ 2024 అక్టోబరులో ప్రకటించారు. మొత్తం 4,10,24,320 అంకెలు. పేజీకి 3,000 చొప్పున ప్రింటు తీసినా 13,600 పేజీలు దాటుతుంది. దీనికోసం 17 దేశాల్లో వేల జీపీయూలు (ఒకేసారి బోలెడు లెక్కలు చేసే చిప్పులు) తిప్పారు. ప్రధాన సంఖ్యలకు అంతే లేదని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు కదా, మళ్లీ ఈ కరెంటు దండగ ఎందుకు?

గుత్తి కుర్రోడు: ఏందన్నా అట్లంటావు? బ్యాంకు లావాదేవీలకు తాళం వేసేది ప్రధాన సంఖ్యలతోనే. పెద్దది దొరికితే తాళం ఇంకా గట్టిది.

ఆదోని లెక్కల సారు: ఆ మాట తప్పు నాయనా. ఆ తాళాల పద్ధతుల్లో ఒకటైన 2,048 బిట్ల ఆర్‌ఎస్‌ఏకి 300 పైచిలుకు అంకెల ప్రధాన సంఖ్యలు రెండు చాలు. పైగా అవి రహస్యంగా ఉండాలి. ఊరందరికీ తెలిసిన సంఖ్యతో ఎవడైనా తాళం వేస్తాడా?

అలాగని దండగ అంటే నేనొప్పుకోను. దాన్ని ఖాయం చేసిన ల్యూకాస్-లేమర్ పరీక్ష చూడండి. 31 అంటే 2 ఘాతం 5 మైనస్ 1. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేయండి, 31తో భాగించి శేషం ఉంచుకోండి. మొదట 14. తర్వాత 194, శేషం 8. తర్వాత 62, శేషం సున్నా. ఘాతం 5 కాబట్టి రెండు తగ్గించి, మూడోసారికి సున్నా వస్తే ప్రధానమే. ఒక్క కారణాంకమైనా వెతికామా?

కడప బీటెక్: బాగుంది సార్. కానీ ఆ పరీక్షకు పేరిచ్చిన గణితవేత్త ల్యూకాస్ 1876లోనే 39 అంకెల సంఖ్య ప్రధానమని తేల్చాడు, కంప్యూటర్ లేకుండా. ఇప్పుడు చేసేది ఊరికే మిషన్లు తిప్పడమే కదా?

ఆదోని లెక్కల సారు: ఆ తిప్పడంలోనే చిప్పుల లోపాలు బయటపడేది. 1994లో నైస్లీ అనే ప్రొఫెసరు జంట ప్రధాన సంఖ్యల (తేడా 2 ఉండేవి) విలోమాలు కూడుతుంటే, ఇంటెల్ వాళ్ల పెంటియం చిప్పు భాగహారం తప్పు చేస్తోందని తేలింది. ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్లు వదిలాయి.

కడప బీటెక్: అది పెద్ద లెక్క గొప్పతనం సార్, ప్రధాన సంఖ్యది కాదు. వృత్తాల లెక్కలో వచ్చే π (పై) విలువ లెక్కించినా దొరికేదేమో.

గుత్తి కుర్రోడు: మీరు కొట్లాడుకోండి, నేను 127కు (2 ఘాతం 7 మైనస్ 1) చేసి చూసినా. 14, 67, 42, 111, సున్నా. భలే ఉంది! 2,047కు (2 ఘాతం 11 మైనస్ 1) మాత్రం తొమ్మిదోసారికి 1,736 మిగిలింది. అది 23 ఇంటూ 89 అని ఎక్కడా రాలేదేంది సార్?

ఆదోని లెక్కల సారు: రాదు. ప్రధానం కాదని మాత్రమే చెబుతుంది, కారణాంకాలు వేరే వెతుక్కోవాలి. 2 ఘాతం 67 మైనస్ 1 ప్రధానం కాదని ల్యూకాస్ 1876లోనే తేల్చాడు. దానికి 19,37,07,721 ఒక కారణాంకమని కోల్ అనే గణితవేత్త చూపించేసరికి 1903 వచ్చింది.