క్లాసిక్ రాక్ పాటల అకూస్టిక్ వెర్షన్లు: ఎక్కడ వెతకాలి, ఎలా సర్దుకోవాలి?

పొద్దుపోని_శ్రోత:

నాకీ పిచ్చి 'లేలా'తో మొదలైంది. గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పాట అది. 1970 నాటి అసలు పాట వినీ వినీ అరగదీశాక, ఆయనే 1992లో కూర్చుని అకూస్టిక్‌గా, అంటే కరెంటు గిటార్ కాకుండా మామూలు చెక్క గిటార్ మీద, వాయించింది ఎవరో వినిపించారు. పల్లవి దాకా వచ్చినా అదే పాట అని నాకు వెలగలేదు. అప్పట్నుంచి కనబడ్డ అకూస్టిక్ వెర్షనల్లా దాచుకుంటూ వచ్చాను, ఇప్పుడు ఫోల్డర్‌లో 600 పైచిలుకు ఫైళ్లు. అసలు సమస్య అదే. ఒకే రికార్డింగ్ మూడు పేర్లతో ఉంటుంది, కొన్నిటికి ఏ ఏడాదిదో తెలీదు, 'అకూస్టిక్ ఫైనల్ 2' లాంటి పేర్లు నేనే ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు. అరుదైన డెమో (అసలు రికార్డింగ్‌కి ముందు చేసుకునే నమూనా) అనుకుని రెండేళ్లు అపురూపంగా చూసుకున్న పాటొకటి, మొన్న చూస్తే వేరే ఎవరో పాడిన కవర్ అని తేలింది. గొంతు అచ్చం అలాగే ఉంది, ఏం చెయ్యను.

మంచివి ఎక్కడ వెతకాలి? ఉన్నవాటిలో అసలేదో నకిలీ ఏదో ఎలా తేల్చుకోవాలి? పద్ధతిగా చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బి_సైడ్_బాబాయ్:

ముందు ఆ 'అకూస్టిక్' అన్న మాట పెట్టి వెతకడం మానెయ్యండి. ఆ మాట ఎవరైనా దేనికైనా తగిలించొచ్చు, అందుకే చెత్తంతా దాని కిందే వచ్చి పడుతుంది. పాట ఏ సందర్భంలో రికార్డయిందో అది పట్టుకుని వెతకండి.

చాలామంది అకూస్టిక్ వెర్షన్ అంటే హిట్ అయిన పాటని తర్వాతెప్పుడో మెత్తగా వాయించడం అనుకుంటారు. 1989లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ (రాక్ వాళ్లు అకూస్టిక్‌గా వాయించే టీవీ షో) మొదలయ్యాక వచ్చినవి చాలావరకు ఆ బాపతే, కాదనను. కానీ నా లెక్కలో గొప్పవి దీనికి రివర్సు. అకూస్టిక్‌దే ముందు పుట్టింది, బ్యాండ్ వెర్షన్ తర్వాత వచ్చింది. బీటిల్స్ 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' చూడండి. 1968 జులై 25న జార్జ్ హ్యారిసన్ స్టూడియోలో ఒక్క గిటార్‌తో పాడాడు, వెనక సన్నగా హార్మోనియం. అందరికీ తెలిసిన ఆ ఎలక్ట్రిక్ సోలో క్లాప్టన్ వచ్చి వాయించింది సెప్టెంబర్ 6న. జులై టేక్‌లో, అంటే ఆ రోజు రికార్డింగ్‌లో, ఆల్బమ్‌లో లేని చరణం ఒకటుంది. 1996లో బీటిల్స్ విడుదల కాని రికార్డింగ్‌ల సంకలనం ఆంథాలజీ 3 వచ్చేదాకా అది మామూలు జనానికి అధికారికంగా దొరకలేదు. నేను మొదటిసారి విన్నప్పుడు ఆ చరణం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను, పొరపాటున వేరే పాట కలిసిందేమోనని.

కాబట్టి వెతకాల్సింది పాత ఆల్బమ్‌ల డీలక్స్ ఎడిషన్లలో, బాక్స్ సెట్లలో. అదే 1968 మే నెలలో బీటిల్స్ ఇంగ్లండ్‌లోని ఈషర్‌లో హ్యారిసన్ ఇంట్లో కూర్చుని 27 డెమోలు చేసుకున్నారు. అవి మొత్తంగా 2018లో వైట్ ఆల్బమ్ యాభయ్యేళ్ల సెట్‌తో బయటికొచ్చాయి. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' డెమో 1982 జనవరిలో ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషిన్ మీద చేసింది, దొరికేది 1998 నాటి 'ట్రాక్స్' సెట్‌లో. స్టేడియంలో పిడికిళ్లెత్తి పాడుకునే పాట కదా, డెమోలో అది చీకటి గదిలో ఒంటరిగా గొణుక్కుంటున్నట్టుంటుంది. ఆ రెండూ వరసగా వినండి ఒకసారి.

ఇంకో చోటు ఛారిటీ కచేరీలు. 1979లో లండన్‌లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కోసం జరిగిన దాంట్లో హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్'ని క్లాసికల్ గిటారిస్ట్ జాన్ విలియమ్స్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించాడు. హూ బ్యాండ్ డిస్కోగ్రఫీలో ఎంత వెతికినా దొరకదు, అది ఆ కచేరీ రికార్డులో ఉంటుంది.

తీగ_తెగిన_గిటార్:

బాబాయ్ చెప్పింది నిజమే గానీ అన్‌ప్లగ్డ్‌లని మరీ అలా తీసిపారెయ్యొద్దు. అదే 'లేలా' తీసుకోండి, ఒరిజినల్ ఏడు నిమిషాలు, చివర్న పెద్ద పియానో భాగం. 1992 అన్‌ప్లగ్డ్‌లో ఆ పియానో ముక్క మొత్తం ఎత్తేసి, నడక తగ్గించి, అయిదు నిమిషాల లోపు ముగించాడు. అంటే కేవలం ప్లగ్ పీకెయ్యడం కాదు, పాటని విప్పి మళ్లీ కుట్టాడు. 1994లో ఈగల్స్ చేసిన 'హోటల్ కాలిఫోర్నియా' కూడా అంతే, ముందు ఏదో కొత్త పాటలా గిటార్లు నడుస్తాయి, తెలిసిన తీగ పడ్డాక గానీ జనం అరవరు. ఆ అరుపు కోసమే నేను వింటాను.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, అన్‌ప్లగ్డ్ అని రాసున్నంత మాత్రాన అంతా చెక్క గిటారే అని కాదు. 1993 నవంబర్‌లో నిర్వాణ బ్యాండ్ చేసిన అన్‌ప్లగ్డ్ షోలో గాయకుడు కర్ట్ కోబెయిన్ గిటార్ యాంప్ (శబ్దం పెంచే పెట్టె) లోంచే వెళ్లింది, ఆ యాంప్ కనబడకుండా ముందు ఓ డబ్బా కట్టి పెట్టారు. అందులో వాళ్లు పాడిన డేవిడ్ బౌవీ పాట దగ్గర ఆ గరగర స్పష్టంగా తెలుస్తుంది.

వేవ్‌ఫారం:

నకిలీల సంగతి నేను చెప్తా. ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నవి కవర్లు కూడా కాదు, అసలు స్టూడియో పాటలోంచి ఏఐతో డ్రమ్స్, బాస్ పీకేసి మిగిలినదాన్ని 'అరుదైన అకూస్టిక్' అని పెట్టేస్తున్నారు. పట్టుకోవడం చాలా తేలిక. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో రెండు ట్రాకులు తెరవండి, ఎడమ చెవికి ఆల్బమ్ వెర్షన్, కుడి చెవికి మీ అనుమానపు ఫైలు, మొదటి పదం దగ్గర రెండిటినీ కలపండి. మనిషి ఎవరైనా ఒకే పాటని రెండుసార్లు ఒకేలా పాడలేడు. మూడో నిమిషానికి కూడా పదాలూ ఊపిరి తీసుకున్న చోట్లూ అతుక్కుని నడుస్తుంటే అది అదే రికార్డింగ్. పైగా గొంతు వెనకాల డ్రమ్ సెట్‌లోని సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) తాలూకు నీళ్లలో కొట్టినట్టుండే శబ్దం మిగిలిపోతుంది, ఒక్కసారి విన్నారంటే ఇక మర్చిపోరు.

రెండోది, ఫ్లాక్ (నాణ్యత తగ్గించకుండా దాచే ఫైలు రకం) అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మార్చి పెట్టేవాళ్లు బోలెడు. స్పెక్ట్రమ్ (శబ్దం ఎంత పై ఫ్రీక్వెన్సీ దాకా ఉందో చూపే బొమ్మ) చూపించే ఏ ప్రోగ్రామ్‌లో తెరిచినా 128 కేబీపీఎస్ ఎంపీ3 దాదాపు 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపెట్టి కోసినట్టు ఆగిపోతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక, తొందరపడి డిలీట్ చెయ్యకండి. ఎఫ్ఎం రేడియో సెషన్ అయితే అసలు ప్రసారమే 15 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, అది కూడా అలాగే కోసినట్టు కనబడుతుంది. 19 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి గీత ఒకటి అడ్డంగా కనిపిస్తే అది స్టీరియో పైలట్ టోన్ (ఎఫ్ఎం స్టీరియో ప్రసారంతో పాటు పంపే గుర్తు శబ్దం), అంటే నిజంగా రేడియో నుంచి పట్టిందే అనుకోవచ్చు. పాత ఇంటి టేపులైతే పైకి వెళ్లేకొద్దీ మెల్లగా మాసిపోతాయి, కోసినట్టుండవు.

అరల_బీరువా:

సర్దుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఆన్‌లైన్ సంగీత డేటాబేస్ వాళ్ల పద్ధతి మీకు పనికొస్తుంది. వాళ్లు పాటని ఒకటిగా, దాని ప్రతి రికార్డింగ్‌నీ వేరేగా లెక్కపెడతారు. మీరు పోగేస్తున్నది పాటలు కాదు, రికార్డింగ్‌లు, ఈ తేడా పట్టుబడితే సగం గందరగోళం పోతుంది. వాళ్ల పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఫైలు పేరుతో పని లేకుండా ధ్వనిని బట్టే గుర్తుపడుతుంది, కాబట్టి మీ మూడు పేర్ల ఫైళ్లు ఒకే చోటికి వచ్చి చేరతాయి. ఎక్కడా నమోదు కాని కచేరీ ముక్కల్ని మాత్రం గుర్తుపట్టదు, వాటికి చేత్తో రాసుకోవడమే.

నేను ఫైలు పేరులో మొదట తేదీ పెడతాను, ఏడాది-నెల-రోజు వరసలో, తర్వాత పాట, చోటు, చివర్న డెమోనా, సెషనా, కచేరీనా అని. తేదీ తెలియకపోతే 'తేదీలేదు' అనే ఫోల్డర్‌లో పడేస్తా. విడుదలైన తేదీ మాత్రం రాయొద్దు, రికార్డయిన తేదీ రాయండి, లేకపోతే 1968 నాటి హ్యారిసన్ వెళ్లి 1996లో కూర్చుంటాడు.

పొద్దుపోని_శ్రోత:

అందరికీ థాంక్స్. రాత్రి పికార్డ్ పెట్టి కూర్చుంటే రెండయింది. నా దగ్గర ఉన్న నాలుగు 'హోటల్ కాలిఫోర్నియా'ల్లో మూడు అదే 1994 రికార్డింగ్, నాలుగోదాన్ని వేవ్‌ఫారం చెప్పినట్టు రెండు చెవుల్లో పెట్టి వింటే ఆఖరి చరణం దాకా ఊపిరితో సహా కలిసిపోయింది. నీళ్ల శబ్దం కూడా వినబడింది. ఇన్నాళ్లు దాన్ని ఫేవరెట్స్‌లో పెట్టుకున్నాను.

600లో 140 పోయాయి ఇప్పటికి. 'తేదీలేదు' ఫోల్డర్ మాత్రం బలిసిపోతోంది.

అరల_బీరువా:

నాదాంట్లో 90 ఉన్నాయి. కంగారుపడకండి.

బి_సైడ్_బాబాయ్:

ఆ తేదీలేని వాటి లిస్టు ఇక్కడ పెట్టండి. పాటకి ముందూ తర్వాతా మాటలేమైనా వినబడితే అవి కూడా రాయండి, చాలాసార్లు ఏ ఊరి కచేరీనో అందులోనే తెలిసిపోతుంది.