పద్నాలుగేళ్లు కదలని బుల్లెట్ 350: కిక్ కొట్టే ముందు ఏం చూడాలి?

పాతబుల్లెట్:
అందరికీ నమస్కారం. 1986 మోడల్ బుల్లెట్ 350, క్యాస్ట్ ఐరన్ ఇంజన్, పాయింట్ల (తెరుచుకుని మూసుకునే లోహపు మొనల) ఇగ్నిషన్. 14 ఏళ్లుగా స్టాండు మీదే ఉంది. కిక్ రాడ్ సగం దిగి ఆగిపోతోంది, డీకంప్రెసర్ (సిలిండరులో ఒత్తిడి వదిలించే లివర్) లాగినా అంతే. ట్యాంకు అడుగున గోధుమరంగు జిగురు, లోపలి గోడలకు తుప్పు. బ్యాటరీ పూర్తిగా పోయింది. కొత్త బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి, గేరులో వేసి తోస్తే లేస్తుందంటున్నారు. తొయ్యొచ్చా? ఇంజన్ విప్పకుండా పని అవుతుందా?

టైమింగ్‌కవర్:
తొయ్యొద్దు అన్నా. డీకంప్రెసర్ లాగినా ఆగుతోందంటే అది కంప్రెషన్ కాదు, పిస్టన్ రింగులు బోరుకు (సిలిండరు లోపలి గోడకు) పట్టేశాయి. లేదంటే వాల్వు తన గైడు గొట్టంలో బిగుసుకుంది. ఇప్పుడు బలవంతం చేస్తే రింగు విరుగుతుంది లేదా పుష్‌రాడ్ (వాల్వును తెరిపించే కడ్డీ) వంగుతుంది. కిక్ రాడ్ మీద ఎక్కి నిలబడితే లోపల కిక్ గేర్ పళ్లు పోతాయి.

స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి 15 మి.లీ. డీజిలు, 15 మి.లీ. ఇంజన్ ఆయిలు కలిపి పొయ్యండి. ఒక రోజు వదిలెయ్యండి. మర్నాడు టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఊపండి. కదలకపోతే మళ్లీ పోసి ఇంకో రోజు ఆగండి. నాలుగైదు రోజులు పట్టినా తొందరపడొద్దు. వారం దాటినా చలనం లేకపోతే అప్పుడు హెడ్డు విప్పాల్సిందే.

కదిలాక, కుడివైపు బ్యారెల్ పక్కనున్న టాపెట్ కవర్ తీసి, చక్రం తిప్పుతూ పుష్‌రాడ్లు చూడండి. రెండూ పైకీ కిందికీ ఆడాలి. ఒకటి పైకెళ్లాక వదులుగా ఉండిపోతే ఆ వాల్వు తెరుచుకుని బిగుసుకుందని అర్థం. కంప్రెషన్ స్ట్రోకు టీడీసీలో (పిస్టన్ పూర్తిగా పైన ఉన్న చోట), ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రెండు రాడ్లూ వేళ్లతో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ లూజు ఉండకూడదు. టాపెట్లకు కొలత అదే.

స్పార్కు సంగతి తర్వాత, ముందు ఆయిలు. కింది డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పండి. ఇన్నేళ్లలో ఆయిలు పంపు దాటి క్రాంక్‌కేసులోకి జారి ఉంటుంది కాబట్టి ఒక్క ప్లగ్గు తీస్తే సరిపోదు. జాలీలు కడిగి, ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ50 సుమారు రెండుంబావు లీటర్లు, డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యండి. స్పార్క్ ప్లగ్గు లేకుండానే నెమ్మదిగా ఓ యాభై కిక్కులు. టైమింగ్ కవర్ (ఇంజను కుడివైపు మూత) మీది ఆయిలు ఫీడ్ ప్లగ్ కొంచెం వదులు చేస్తే అక్కడ ఆయిలు ఊరాలి. ఊరేదాకా స్టార్ట్ చేసే ఆలోచనే పెట్టుకోవద్దు. బిగ్ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు) పొడిగా తిరిగితే ఒక్క నిమిషం చాలు పాడవడానికి.

స్లోజెట్:
ట్యాంకు గురించి. పెట్రోలు కాక్ తీసి ఆ రంధ్రానికి బిరడా బిగించండి. లీటరు గోరువెచ్చని నీళ్లకు 100 గ్రాముల నిమ్మఉప్పు, అంచు దాకా నింపి రాత్రంతా ఉంచాలి. గ్యాస్ వస్తుంది, మూత గట్టిగా బిగించకండి. పెయింటు మీద ఒలికితే వెంటనే కడగండి, మచ్చ పడుతుంది. పారబోశాక వంట సోడా నీళ్లతో ఒకసారి, మంచి నీళ్లతో రెండుసార్లు. ఆ తర్వాత క్షణం ఆలస్యం చెయ్యకండి: తడి ఇనుము కళ్లముందే నారింజరంగుకు తిరుగుతుంది. వేడిగాలితో ఆరబెట్టి, అర లీటరు పెట్రోల్లో 100 మి.లీ. 2టీ (టూ-స్ట్రోక్) ఆయిలు కలిపి లోపలంతా అంటేలా తిప్పి తీసెయ్యండి.

కార్బురేటర్‌ను మాత్రం ఈ ఆసిడ్‌లో ముంచకండి, ఆ లోహాన్ని తినేస్తుంది. కార్బ్ క్లీనర్, గాలి చాలు. పైలట్ జెట్‌ను (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్కను) వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి: గుండ్రటి చుక్క స్పష్టంగా కనబడాలి. మసకగా ఉంటే నైలాన్ దారం గానీ, రాగి వైరులోని ఒక్క పోగు గానీ దూర్చండి. స్టీలు పిన్ను వద్దు, రంధ్రం పెద్దదవుతుంది. పాత పెట్రోలు పైపు, ఫ్లోట్ చాంబర్ గాస్కెట్ కొత్తవి వెయ్యండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్లో పాత రబ్బరు ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది, ఆ ముక్కలే మళ్లీ జెట్‌లో ఇరుక్కుంటాయి. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ కూడా చూడండి, ఎలుకలు గూడు కడతాయి.

పాతబుల్లెట్:
మూడో రోజు కదిలింది. వాల్వులు ఆడుతున్నాయి, ఫీడ్ ప్లగ్ దగ్గర ఆయిలు వచ్చింది. 12 వోల్టుల బ్యాటరీ పెట్టాను, కాయిల్ మీద కూడా 12 అనే ఉంది. స్పార్కు వస్తోంది గానీ పసుపురంగులో, పల్చగా. పాయింట్ల దగ్గర మాత్రం పెద్ద మెరుపు.

యామ్‌మీటర్:
పాయింట్ల దగ్గర అంత మెరుపంటే కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపును ఆపేది) పోయింది. కొత్తది వెయ్యండి. పాయింట్లను 600 నంబరు పేపరుతో రుద్ది, థిన్నర్‌లో తడిపిన తెల్లకాగితం మధ్యలోంచి లాగండి, నల్లగా రాకుండా అయ్యేదాకా. గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., పూర్తిగా తెరుచుకున్న చోట. ప్లగ్గు గ్యాప్ 0.5.

తర్వాత, అందరూ వదిలేసేది: ఆటో అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపే బరువులు). ఆ బరువులు తుప్పుపట్టి తెరుచుకునే ఉండిపోతే కిక్ వెనక్కి తంతుంది, చీలమండ పోతుంది. క్యామ్‌ను వేళ్లతో తిప్పి వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగాలి. అలా వెనక్కి వచ్చిన స్థితిలోనే టైమింగ్ పెట్టాలి: పిస్టన్ టీడీసీ చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. పాయింట్ల మధ్య పల్చని కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, అది జారిన క్షణమే తెరుచుకున్న క్షణం.

కొట్టే పద్ధతి: ఇగ్నిషన్ ఆన్ చేసి, గట్టిగా తగిలేదాకా కిక్ రాడ్ దించండి. పాయింట్లు మూసి ఉన్నప్పుడు యామ్‌మీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు మైనస్ వైపు ఉంటుంది. డీకంప్రెసర్ లాగి, ముల్లు మధ్యకు వచ్చేదాకా ఒక్క పిసరు దించి వదలండి. కిక్ రాడ్ పైకి తెచ్చుకుని, ఒకే ఊపులో అడుగుదాకా.

టైమింగ్‌కవర్:
లేచాక మొదటి అయిదు నిమిషాలు పొగ బాగా వస్తుంది, మీరు పోసిన ఆయిలే అది, కంగారుపడకండి. పావుగంట తర్వాత కూడా నీలంగా వస్తుంటే రింగులు అనుమానించాలి. క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉంటాయి: ఇంజను వేడెక్కాక ఆపేసి, రెండో గేరులో క్లచ్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ కుదపండి, టప్‌మని విడిపోతాయి. చల్లారాక హెడ్డు నట్లు ఒకసారి బిగించి చూడండి. ఆయిలు 100 కిలోమీటర్లకే మార్చెయ్యండి.

రోడ్డెక్కే ముందు టైర్లు, ట్యూబులు కొత్తవి. గీతలు బాగున్నా సరే, 14 ఏళ్ల రబ్బరును నమ్మొద్దు. బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారెయ్యండి.